రెండు నయాలు, ఒక ఫైలు

ఒకే వస్తువును రెండు జ్ఞానవ్యవస్థలు రెండు తీరుల గ్రహించినప్పుడు, వాటి నడుమ నిలిచి ఒకదాని మాటను మరొకదానికి చేరవేసే మధ్యవర్తికి తనదంటూ ఒక దృష్టి ఉంటుందా, లేక అతడు ఏ పక్షానికీ చెందకుండా ఉండగలడా అన్న ప్రశ్న భారతీయ తర్కానికి కొత్తది కాదు. జైన దార్శనికులు దీనిని నయవాదం పేరుతో శతాబ్దాలపాటు చర్చించారు. ప్రతి వస్తువుకూ లెక్కలేనన్ని ధర్మాలుంటాయని, వాటిలో ఏదో ఒకదానిని ముందుంచుకొని వస్తువును పట్టుకొనే దృష్టి నయమని వారి సిద్ధాంతం. నయాలన్నీ తమ తమ పరిధిలో సత్యాలేనని, ఇతర నయాలను తోసిపుచ్చబోయినప్పుడే అవి అసత్యాలవుతాయని సిద్ధసేన దివాకరుడు సన్మతితర్కంలో వాదించాడు. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ భేదానికి మరింత పదును పెట్టి, వస్తువు ‘ఉన్నదే’ అని పట్టుబట్టేది దుర్నయమని, ‘ఉన్నది’ అని చెప్పి ఊరుకొనేది నయమని, ‘ఒక విధంగా ఉన్నది’ అని తన హద్దును కూడా కలిపి చెప్పేది ప్రమాణమని మూడు మెట్లు చూపాడు. కంప్యూటర్ నెట్‌వర్కులలో ఫైళ్లను పంచుకొనే రెండు ప్రొటోకాళ్ల మధ్య వారధి కట్టే పనిలో ఈ ప్రశ్న నిత్యం ఎదురవుతుంది. అక్కడ దానికి చెప్పే జవాబును బట్టే ఒకరి పత్రం భద్రంగా ఉండటమో, మాసిపోవటమో, పరాయి చేతుల్లో పడటమో జరుగుతుంది కనుక, ఆ పనిని తత్త్వచింతనకు వెలుపల ఉంచటం సమంజసం కాదు.

ప్రొటోకాల్ అంటే రెండు యంత్రాలు మాట్లాడుకొనేందుకు ముందుగా ఏర్పరచుకొన్న నియమావళి. ఒక యంత్రం తన డిస్కులోని ఫైళ్లను ఇతర యంత్రాలకు అందుబాటులో ఉంచితే దానిని సర్వర్ అనీ, అడిగి వాడుకొనే యంత్రాన్ని క్లయింట్ అనీ అంటారు. ఇలాంటి నియమావళులలో రెండు ఎక్కువగా వ్యాపించాయి. మొదటిది 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ యునిక్స్ యంత్రాల కోసం రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్. రెండవది 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో పుట్టి, మైక్రోసాఫ్ట్ చేతుల్లో పెరిగి, విండోస్ యంత్రాలన్నింటికీ సొంతభాష అయిన ఎస్‌ఎంబీ. ఈ రెండింటి స్వభావాలు మొదటినుంచీ వేరు. తొలి ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ క్లయింట్‌ను గురించి ఏమీ గుర్తుంచుకోదు. ప్రతి అభ్యర్థనా తనకు కావలసిన సమాచారమంతా తనలోనే మోసుకొని వస్తుంది కనుక, సర్వర్ ఆగిపోయి తిరిగి లేచినా క్లయింట్ అదే మాటను మళ్లీ పలికితే సరిపోతుంది. ఎస్‌ఎంబీ సర్వర్ మాత్రం ఎవరు వచ్చారో, ఏ ఫైలు తెరిచారో, ఇతరులను దానిలోకి రానివ్వవచ్చునన్నారో వద్దన్నారో అంతా మనసులో పెట్టుకొని వ్యవహరిస్తుంది. ఒకే డిస్కులోని ఒకే ఫైలును ఈ రెండు భాషలవారికీ ఏకకాలంలో అందించే సర్వరే ఇక్కడ వారధి.

ఈ వారధికి తనదంటూ దృష్టి ఉంటుందా అన్న ప్రశ్నకు అద్వైత సంప్రదాయం తెలిసినవారు ఒక సులభమైన సమాధానం సూచించవచ్చు. ఛాందోగ్యం మట్టిని, మట్టితో చేసిన వస్తువులను ఉదాహరణగా చూపి వికారాలు కేవలం నామరూపాలని చెప్పినట్టే, డిస్కు మీది ఫైలు ఒక్కటే సత్యమని, రెండు ప్రొటోకాళ్లూ దానికి తొడిగిన పేర్లు మాత్రమేనని, కనుక వారధి ఆ అడుగున ఉన్న సత్యాన్ని చూపిస్తే చాలునని వారి వాదం. అయితే డిస్కును పరిశీలిస్తే ఈ సౌలభ్యం నిలవదు. డిస్కులో ఉన్నవి వరుస సంఖ్యలు వేసిన గళ్లు మాత్రమే. ఏ గళ్లు కలిస్తే ఒక ఫైలు అవుతుందో, ఆ ఫైలుకు యజమాని ఉంటాడో ఉండడో, దాని పేరులో ఏ అక్షరాలు చెల్లుతాయో నిర్ణయించేది ఫైల్ సిస్టమ్ అనే మరొక నియమావళి. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 యునిక్స్ దృష్టినీ, విండోస్‌లోని ఎన్‌టీఎఫ్‌ఎస్ విండోస్ దృష్టినీ పుట్టుకతోనే మోస్తున్నాయి. వారధి వీటిలో దేని మీద నిలబడినా ఒక భాషవారు అక్కడ ఇంటివారు, రెండవ భాషవారు అతిథులు. అడుగున ఉన్న ‘మట్టి’ అనుకొన్నది కూడా ఒక నయమే. తటస్థ భూమి ఎక్కడా లేదన్న ఈ సంగతిని ఒప్పుకోవటంతోనే వారధి నిర్మాత బాధ్యత మొదలవుతుంది. ఒప్పుకోనివాడు తన పక్షపాతాన్ని ప్రకృతి నియమంగా భ్రమిస్తాడు.

‘అదే ఫైలు’ అన్న మాటకే ఈ రెండు దృష్టులలో రెండు అర్థాలున్నాయి. యునిక్స్‌లో ఫైలుకు ఐనోడ్ అనే అంతరంగ సంఖ్య ఉంటుంది, పేరు దానికి అతికించిన చీటీ మాత్రమే. ఒకే ఐనోడ్‌కు రెండు పేర్లుండవచ్చు, పేర్లన్నీ తొలగించినా దానిని తెరిచి ఉంచినవారు ఉన్నంతవరకు అది బతికే ఉంటుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ ఈ దృష్టికి అనుగుణంగా ‘ఫైల్ హ్యాండిల్’ అనే గుర్తును క్లయింట్‌కు ఇస్తుంది. క్లయింట్ దానిని విప్పి చదవటానికి వీలులేదు, తిరిగి చూపించటానికి మాత్రమే వీలుంటుంది. ఎస్‌ఎంబీ క్లయింట్ ఫైలును తెరిచేటప్పుడు దారితో కూడిన పేరునే ఆధారం చేసుకొంటుంది. ఒకరు తెరిచి ఉంచిన ఫైలును, వారు ముందుగా సమ్మతించి ఉంటే తప్ప, మరొకరు చెరపలేరు, దాని పేరు మీద మరొకటి పెట్టలేరు. ఇప్పుడు విండోస్ యంత్రం నుంచి ఒకరు ఒక నివేదికను తెరిచి దిద్దుతున్నారనుకొంటే, అదే సమయంలో యునిక్స్ యంత్రం మీద మరొకరు ఆ నివేదికను తమ ఎడిటర్‌లో దిద్ది భద్రపరచవచ్చు. చాలా ఎడిటర్లు భద్రపరచటమంటే కొత్త ఫైలు రాసి, పాత పేరును దాని మీదికి మార్చటమే. పేరు అదే, ఐనోడ్ వేరు. విండోస్ వ్యక్తి చేతిలో మిగిలింది పేరు లేని పాత ఐనోడ్. ఆయన రాసినవన్నీ దానిలోకే వెళ్లి, ఫైలు మూసిన క్షణాన దానితోపాటే నశిస్తాయి. ‘వాడే ఈ దేవదత్తుడు’ అన్న ప్రత్యభిజ్ఞ, అంటే మునుపు చూసినదానినే మళ్లీ చూస్తున్నానన్న గుర్తింపు, ప్రమాణమా కాదా అని నైయాయికులకూ బౌద్ధులకూ జరిగిన వివాదంలో బౌద్ధులు కత్తిరించాక తిరిగి పెరిగిన జుట్టును చూపి, పోలికను ఏకత్వంగా పొరబడుతున్నారని అన్నారు. ఇక్కడ పేరును నమ్ముకొన్నవాడికి సరిగ్గా ఆ పొరపాటే జరిగింది. అయినా తప్పు అతడిది కాదు. పేరు నిలిచినంతకాలం వస్తువు నిలుస్తుందన్న హామీ అతడి వ్యవస్థలో ఉంది, వారధి ఆ హామీని మోయకుండానే అతడిని లోపలికి రానిచ్చింది.

ఇలాంటి వారధులలో పేరుపొందినది సాంబా. 1991 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ దీనిని ప్రారంభించాడు. ఆయనకు ఆ ప్రొటోకాల్ వివరణ పత్రాలు అందుబాటులో లేవు. తీగ మీద ప్రవహించే మాటలను విని, ఏ అభ్యర్థనకు ఏ జవాబు వస్తున్నదో చూసి, దానినిబట్టి సర్వర్ రాశాడు. పరాయి దేశపు కాఫీ హోటల్లో కూర్చొని, ఎవరు ఏమని అడిగితే బల్ల మీదికి ఏమి వస్తున్నదో గమనిస్తూ భాష నేర్చుకోవటం వంటిదని ఆయనే తరువాత ఈ పద్ధతిని వివరించాడు. మీమాంసకులకు ఇది చిరపరిచితమైన మార్గం. శబ్దానికి అర్థం పిల్లవాడికి ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు వారు వృద్ధవ్యవహారాన్ని, అంటే పెద్దల వాడుకను, జవాబుగా చెప్పారు: ఒక పెద్ద ‘ఆవును తీసుకురా’ అంటాడు, మరొకరు కదిలి ఆవును తెస్తారు, చూస్తున్న పిల్లవాడు ఆ వాక్యానికీ ఆ పనికీ ముడివేసుకొంటాడు, తరువాత ‘గుర్రాన్ని తీసుకురా’, ‘ఆవును కట్టేయి’ అన్న మాటలు విని, వాక్యంలో ఏ ముక్క మారితే పనిలో ఏ ముక్క మారిందో చూసి ఒక్కొక్క పదం అర్థాన్ని విడదీసుకొంటాడు. పదాలను ఇలా చేర్చి, తీసి పరీక్షించటాన్ని ఆవాపోద్వాపాలన్నారు. సాంబా బృందం రాసుకొన్న పరీక్షా సాధనాలు చేసేది అచ్చంగా ఇదే: అసలు విండోస్ సర్వర్‌కూ సాంబాకూ ఒకే వరుసలో ఒకే ఆజ్ఞలు పంపి, జవాబులు ఎక్కడ విడిపోయాయో అక్కడ ఆగి, ఆ ఒక్క అంశాన్ని మార్చి మార్చి చూస్తాయి.

ఈ పద్ధతి ఎంత గొప్పదైనా, మాట్లాడేవాడు తన భాషను దాచుకొనే హక్కు కలవాడా అన్న న్యాయప్రశ్నను అది తప్పించలేదు. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్ మీద ఇచ్చిన నిర్ణయంలో 49.7 కోట్ల యూరోల జరిమానాతోపాటు, ఇతరుల సర్వర్లు విండోస్‌తో కలిసి పనిచేసేందుకు కావలసిన సమాచారాన్ని వెల్లడించాలన్న ఆదేశమూ ఉంది. 2007 సెప్టెంబరులో న్యాయస్థానం దానిని సమర్థించింది, ఆ ఏడాది డిసెంబరులో కుదిరిన ఒప్పందంతో ఆ పత్రాలు సాంబా బృందానికి అందాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకోవలసిన సమాజంలో భాష ఏ ఒక్కరి సొత్తూ కాజాలదని ఆ తీర్పు ఆచరణలో అంగీకరించింది, అది న్యాయమైన అంగీకారం. అయితే పత్రాలు చేతికి వచ్చాక కూడా, పత్రం ఒకటి చెప్పి సర్వర్ మరొకటి చేసినప్పుడు వారధి పాటించవలసింది సర్వర్ నడతనే. ఎందుకంటే క్లయింట్ ఎదురుచూసేది ఆ నడతను.

వ్యవహారాన్ని చూసి నేర్చుకొన్నా, పత్రం చదివి నేర్చుకొన్నా, నేర్చుకొన్నదంతా అవతలి ఒడ్డుకు చేరదు. పేర్ల విషయంలోనే ఇది తెలుగువారికి చాలా దగ్గరగా కనిపిస్తుంది. ఆంగ్ల అక్షరాలలో పెద్దబడి చిన్నబడి తేడాను యునిక్స్ పాటిస్తుంది, విండోస్ గుర్తుంచుకొంటుంది గాని పాటించదు. కనుక యునిక్స్‌లో రెండుగా ఉన్న ఫైళ్లు విండోస్ వైపు ఒకటిగా కలిసిపోతాయి. తెలుగు లిపికి ఆ భేదం లేదు కాబట్టి ఈ చిక్కు మన అక్షరాలకు అంటదు. మన అక్షరాలకు అంటుకొనే చిక్కు మరొకటి ఉంది. యూనికోడ్ అనే ప్రపంచ అక్షర పట్టికలో ఐత్వానికి రెండు రాతలున్నాయి: ఒకటి ఐత్వాన్ని పూర్తి గుర్తుగా ఒకే సంకేతంతో రాయటం, రెండవది ఎత్వాన్ని ముందు రాసి, కింద వచ్చే ఐత్వపు తోకను వేరే సంకేతంగా జోడించటం. తెర మీద రెండూ ఒకటే, రెండూ సమానమేనని యూనికోడ్ నియమమే ప్రకటిస్తుంది. కాని యూటీఎఫ్-8 పద్ధతిలో రాసినప్పుడు మొదటిది 3 బైట్లు, రెండవది 6 బైట్లు. యాపిల్ యంత్రాలు దీర్ఘకాలం వాడిన హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైల్ సిస్టమ్ పేర్లను విడగొట్టి రెండవ రూపంలో దాచుకొనేది. లినక్స్ మాత్రం పేరును అక్షరాలుగా కాక బైట్ల వరుసగానే చూస్తుంది. ఫలితంగా ‘వైద్య ఖర్చులు’ అన్న ఒకే పేరుతో ఒకే ఫోల్డర్‌లో రెండు ఫైళ్లు పక్కపక్కనే ఉండగలవు. చూసే కంటికి వాటి తేడా ఏ విధంగానూ తెలియదు, ఒక యంత్రం నుంచి అడిగితే ఒకటీ మరొక యంత్రం నుంచి అడిగితే మరొకటీ తెరుచుకోవచ్చు.

ఇక్కడ వారధి ఏమి చేయాలి? రెండింటినీ ఒకటేనని భావిస్తే, అప్పటికే రెండుగా ఉన్న ఫైళ్లలో ఒకటి ఎవరికీ అందకుండా పోతుంది. వేర్వేరని భావిస్తే, చదివేవాడికి ఒక్కటిగా కనిపించేదాన్ని రెండుగా నిలిపి అతడిని తప్పుదారి పట్టించినట్టవుతుంది. బైట్లే సత్యమని పట్టుబట్టేది ఒక దుర్నయం, కంటికి కనిపించిందే సత్యమని పట్టుబట్టేది మరొకటి. కొత్తగా సృష్టించే పేర్లన్నింటినీ ఒకే రూపంలోకి మార్చి రాయటం, పాతవాటిలో ఘర్షణ ఎదురైతే దేనినీ దాచకుండా రెండింటికీ గుర్తుపట్టే వీలు కల్పించటం మేలు. ఇది అందంగా ఉండదు, కాని ఎవరి ఆస్తినీ మింగదు. పేరు పొడవు విషయంలోనూ ఇలాంటి అసమానతే మరుగున ఉంది. విండోస్ హద్దు 255 యూటీఎఫ్-16 ప్రమాణాలు, తెలుగు సంకేతం ఒక్కొక్కటి అందులో ఒకటిగా లెక్కకు వస్తుంది. ఈఎక్స్‌టీ4 హద్దు 255 బైట్లు, అందులో తెలుగు సంకేతం మూడు బైట్లు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలుంటాయి, అంటే 18 బైట్లు. ఆంగ్లంలో పేరు పెట్టుకొనేవాడికి 255 అక్షరాల చోటు ఇచ్చిన లినక్స్, తెలుగులో పెట్టుకొనేవాడికి 85 సంకేతాలతోనే తలుపు మూస్తుంది. అందరికీ ఒకే కొలత అన్నంత మాత్రాన అది అందరికీ సమమైన కొలత కాదు. విండోస్‌లో వందో సంకేతం దాటిన తెలుగు పేరు వారధి మీదికి వచ్చినప్పుడు, దానిని చెప్పకుండా కత్తిరించటం కంటే తీసుకోలేనని చెప్పటం ఎంతో గౌరవప్రదం.

ఒక వ్యవస్థలో ఉన్న ధర్మానికి రెండవ వ్యవస్థలో చోటే లేకపోతే ఏమి చేయాలన్నది మరింత కఠినమైన ప్రశ్న. విండోస్ ఫైలుకు ‘ఆర్కైవ్’ అన్న గుర్తు ఉంటుంది. ఈ ఫైలు మారింది, దీనికి మళ్లీ నకలు తీయాలి అని దాని భావం. యునిక్స్‌లో దానికి స్థానం లేదు. తొలి రోజులలో సాంబా దానిని యజమానికి సంబంధించిన ‘ఎగ్జిక్యూట్’ బిట్‌లో, అంటే ఈ ఫైలును ప్రోగ్రాముగా నడపవచ్చునన్న గుర్తులో దాచింది. విండోస్ నుంచి చూసినవారికి లెక్క సరిపోయింది. యునిక్స్ నుంచి చూసినవారికి మాత్రం మామూలు ఉత్తరాలు, లెక్కల పట్టీలు నడపదగిన ప్రోగ్రాములుగా కనిపించాయి. ఒకచోటి ధర్మం మరొకచోట భాసించటాన్ని శంకరులు అధ్యాసమన్నారు. ఇది దానికి చక్కని ఉదాహరణ, పైగా చూసేవాడి అవిద్య వల్ల కాక చూపించేవాడి సౌకర్యం కోసం కలిగిన అధ్యాసం. తరువాతి కాలంలో ఈ గుర్తులను యునిక్స్ అర్థం ఏదీ లేని అదనపు గదిలో, ఫైలు పక్కనే వేరుగా భద్రపరచే పద్ధతి వచ్చింది. అవతలివాడికి చెప్పలేనిదాన్ని వేరే అర్థంతో చెప్పటం కంటే, చెప్పకుండా జాగ్రత్తగా దాచి, దాని సొంతదారు వచ్చినప్పుడు తిరిగి ఇవ్వటం మంచిదన్న వివేకం ఇందులో ఉంది.

అయితే పరాయి మాటను అరువు తెచ్చుకోవటమంతా అధ్యాసమేనా? కాదని చూపటానికి ఇంకొక సందర్భం ఉంది. ఎస్‌ఎంబీలో ‘ఆప్‌లాక్’ అనే ఏర్పాటు ఒకటుంది: ఫైలును వాడుతున్నది ఒక్క క్లయింటే అయినప్పుడు సర్వర్ దానికి ఒక మాట ఇస్తుంది, ‘వేరెవరైనా అడిగితే ముందు నీకు చెబుతాను, అంతవరకు మార్పులను నీ దగ్గరే ఉంచుకోవచ్చు’ అని. ఇంతలో ఎన్‌ఎఫ్‌ఎస్ వైపునుంచి మరొకరు అదే ఫైలును అడుగుతారు. ఆ మాట సంగతి వారికి తెలియదు, తెలుసుకొనే భాష వారి ప్రొటోకాల్‌లో లేదు. లినక్స్ కెర్నల్, అంటే ఆ వ్యవస్థ కేంద్రభాగం, ఈ మాటను తన ఖాతాలో రాసుకొని, ఎన్‌ఎఫ్‌ఎస్ అభ్యర్థన రాగానే సాంబాకు సంకేతం పంపి, విండోస్ క్లయింట్ తన మార్పులను తిరిగి అప్పగించే వరకు ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్‌ను ఆపుతుంది. ఆపటానికి వాడే మాట ‘జూక్‌బాక్స్’ అన్న దోషసంకేతం. 1995లో వచ్చిన ఎన్‌ఎఫ్‌ఎస్ మూడవ సంచికలో ఈ సంకేతాన్ని పెట్టింది, డిస్కుల అరలలోంచి యంత్రహస్తం పళ్లెం తీసి పెట్టేవరకు ఆలస్యమయ్యే నిల్వ యంత్రాల కోసం. ఇక్కడ అలాంటి యంత్రమేమీ లేదు. మాట మాత్రం వాడబడింది. ముఖ్యార్థం పొసగనప్పుడు దానికి సంబంధించిన మరొక అర్థాన్ని గ్రహించటాన్ని అలంకారికులు లక్షణ అన్నారు, ‘గంగలో పల్లె’ అంటే గంగ ఒడ్డున పల్లె అని తెలుసుకోవటం దాని ప్రసిద్ధ ఉదాహరణ. జూక్‌బాక్స్ సంకేతం విన్న క్లయింట్ కొంతసేపు ఆగి మళ్లీ అడుగుతుంది. సరిగ్గా అదే జరగాలి. ఆర్కైవ్ గుర్తును ఎగ్జిక్యూట్‌గా చూసినవాడు మాత్రం చేయకూడని పనికి, అంటే ఉత్తరాన్ని నడపటానికి, ఆహ్వానం పొందాడు.

ఈ రెండు సందర్భాలను పక్కపక్కన ఉంచితే వారధి సత్యసంధతకు కొలమానం దొరుకుతుంది. ధర్మకీర్తి సత్యవస్తువుకు లక్షణంగా అర్థక్రియాసామర్థ్యాన్ని, అంటే ఫలవంతమైన పనికి కారణం కాగల శక్తిని చెప్పాడు. ఆ కొలమానాన్ని ఇక్కడికి తెచ్చుకొంటే, ఒక వ్యవస్థ వర్ణనను మరొక వ్యవస్థ వర్ణనగా మార్చటంలో పోలిక ఎంత ఉందన్నది ప్రధానం కాదు. ఆ మాట విన్నవాడు చేసే పని, అసలు మాట ఉద్దేశించిన పనితో కలుస్తుందా లేదా అన్నదే ప్రధానం. నయాల భేదం వర్ణనలో తీరదు. క్రియలో మాత్రం, చాలా సందర్భాలలో, తీరుతుంది.

హక్కుల విషయంలో ఈ కొలమానం ఎంత అవసరమో తెలుస్తుంది. ముందుగా, అడుగుతున్నది ఎవరన్న ప్రశ్న. సంప్రదాయ ఎన్‌ఎఫ్‌ఎస్‌లో క్లయింట్ యంత్రం ‘ఈ పని 1001వ సంఖ్య గల వ్యక్తి అడిగాడు’ అంటుంది, సర్వర్ నమ్ముతుంది. ఎస్‌ఎంబీలో వ్యక్తి తన రహస్యపదంతోనో మరో రుజువుతోనో తానెవరో సర్వర్‌కు స్వయంగా నిరూపించుకోవాలి. న్యాయసూత్రాలు శబ్దప్రమాణాన్ని ఆప్తుడి ఉపదేశంగా నిర్వచించాయి. ఒకచోట ఆప్తుడు యంత్రం, మరొకచోట ఆప్తుడు వ్యక్తి. అందుకే ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్లు సర్వాధికారి సంఖ్య అయిన సున్నాను చెప్పుకొంటూ వచ్చిన మాటను మామూలుగా నమ్మవు, అతడిని ఏ అధికారమూ లేని ‘నోబడీ’గా మార్చివేస్తాయి. వారధి ఈ సంఖ్యలకూ, విండోస్‌లో వ్యక్తికి ఇచ్చే ఎస్‌ఐడీ అనే పొడవైన గుర్తింపుకూ మధ్య ఒక పట్టిక ఉంచుకోవాలి. ఎవరు ముందు వస్తే వారికి తరువాతి సంఖ్య ఇచ్చే పద్ధతిలో ఆ పట్టిక రాసి, ఒకనాడు అది పోతే, మళ్లీ వచ్చినవారి వరుస వేరు కావచ్చు. అప్పుడు నిన్నటివరకు ఒకరివైన పత్రాలు, డిస్కులో ఒక్క బైటు కూడా మారకుండానే, ఇంకొకరివి అవుతాయి. ఎస్‌ఐడీ నుంచే లెక్క ప్రకారం సంఖ్యను రాబట్టే పద్ధతికి ఈ ప్రమాదం లేదు. వ్యక్తిత్వాన్ని యాదృచ్ఛికమైన వరుసకు అప్పగించకుండా ఉండేది అదే.

ఇక హక్కు. యునిక్స్ ప్రతి ఫైలుకూ తొమ్మిది బిట్లు ఇస్తుంది: యజమానికి, అతడి గుంపుకు, ఇతరులకు చదివే, రాసే, నడిపే అనుమతులు. విండోస్ ఏసీఎల్ అనే జాబితా ఇస్తుంది. అందులో పేరుపేరునా ఎంతమందికైనా అనుమతులూ, నిషేధాలూ వరుసలో రాయవచ్చు. ఒక ఫోల్డర్‌ను ఒక సంఘం సభ్యులందరూ చదవవచ్చు, కాని వారిలో ఒకరు మాత్రం చదవరాదని విండోస్‌లో రాశారనుకొంటే, తొమ్మిది బిట్లలో ఆ వాక్యం పట్టదు. గుంపుకు అనుమతి ఉందని చూపితే నిషేధింపబడినవాడికీ ఉన్నట్టు అవుతుంది. లేదని చూపితే మిగిలిన సభ్యులందరికీ అన్యాయం. తొలి ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్లు ఈ బిట్లను చూసి అనుమతి ఉందో లేదో తామే ఊహించుకొనేవి, అందులో తప్పులు జరిగేవి. మూడవ సంచికలో ‘యాక్సెస్’ అన్న ప్రక్రియను చేర్చారు. దానితో క్లయింట్ వర్ణన చదివి ఊహించటం మాని, ‘ఈ వ్యక్తి దీనిని చదవవచ్చునా?’ అని సర్వర్‌నే అడుగుతుంది. హక్కును చిత్రించి చూపటం సాధ్యం కానప్పుడు, హక్కును గురించిన ప్రశ్నకు ఆ క్షణాన నిజమైన జవాబు చెప్పటం సాధ్యమే. వర్ణనలో లోపం ఉండవచ్చు, నిర్ణయంలో ఉండకూడదు. ఏదో ఒకటి తప్పనిసరిగా చూపవలసివస్తే ఎక్కువ చూపటం కంటే తక్కువ చూపటమే న్యాయం. నిరాకరణ వల్ల కలిగిన నష్టాన్ని అడిగి సరిదిద్దుకోవచ్చు గాని, చదవకూడనివాడు చదివినదాన్ని చదవనట్టు చేయటం ఎవరి తరమూ కాదు.

రెండు నయాలు దీర్ఘకాలం ఎదురెదురుగా నిలిచినప్పుడు అవి మారకుండా ఉండవు. అనంతపురం జిల్లా కొనకొండ్లతో సంప్రదాయం ముడిపెట్టే కుందకుందాచార్యుడు సమయసారంలో, పరాయి జాతివాడికి అతడి భాష లేకుండా ఏదీ బోధించలేనట్టే వ్యవహారనయం లేకుండా పరమార్థాన్ని బోధించలేమని చెప్పాడు. బోధించేవాడు అవతలివాడి భాష నేర్చుకోక తప్పదన్నది అందులోని నిబంధన. 2000 డిసెంబరులో మొదటి ప్రమాణంగా వెలువడి 2003లో సవరింపబడిన ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగవ సంచిక ఆ పనే చేసింది. ఏమీ గుర్తుంచుకోని సర్వర్ అన్న పాత ఆదర్శాన్ని వదిలి, ఎవరు ఏ ఫైలు తెరిచారో గుర్తుంచుకోవటం మొదలుపెట్టింది. ఇతరులను రానివ్వవద్దన్న విండోస్ తరహా షరతును ‘ఓపెన్’ ఆజ్ఞలోనే స్వీకరించింది. సంఖ్యలకు బదులు పేరూ డొమైనూ కలిసిన గుర్తింపులను, విండోస్ నమూనాలోని ఏసీఎల్‌ను తనలో చేర్చుకొంది. దీనిని ఓటమిగా చూసినవారున్నారు. నిజానికి ఇది పరిణతి.

కాని తొమ్మిది బిట్లూ పోలేదు. ఒకే ఫైలుకు ఇప్పుడు ఏసీఎల్, తొమ్మిది బిట్లు రెండూ ఉంటాయి, రెండూ ఒకదానినొకటి కాదనకుండా ఉండాలి. 2010 జనవరిలో వచ్చిన 4.1 సంచిక ప్రమాణపత్రం దీనికి నియమాలు రాసింది: బిట్లను మారిస్తే ఏసీఎల్‌ను కూడా వాటికి తగినట్టు సవరించాలి, గుంపుకు చదివే బిట్ తీసివేస్తే ఏసీఎల్‌లో పేరుపేరునా రాసిన ఇతర వ్యక్తులకు కూడా చదివే అనుమతి మిగలకూడదని సిఫారసు చేసింది. ఎక్కువ ఇవ్వటం కంటే తక్కువ ఇవ్వటమే మేలన్న నీతి ఇక్కడా పాటింపబడింది, అది సమర్థనీయమే. కాని దాని వెల కూడా కనిపిస్తూనే ఉంది: ఒకరు ఆలోచించి, ఒక్కొక్కరి పేరూ రాసి ఇచ్చిన అనుమతులు, మరొకరు యునిక్స్ వైపునుంచి మూడంకెల ఆజ్ఞ ఒకటి టైపు చేయగానే తొలగిపోతాయి, ఆ ఆజ్ఞ ఇచ్చినవారికి అలాంటి జాబితా ఒకటి ఉందని తెలియకపోవచ్చు, అనుమతి కోల్పోయినవారికి కారణం చెప్పే సంకేతం రెండు ప్రొటోకాళ్లలో దేనిలోనూ లేదు.